పొంగిన నురుగు

వంటింటి స్టీలు సింకును శుభ్రపరచుటకు నేడు అనేక గృహములలో ఒక పద్ధతి వాడుకలో నున్నది. సింకునిండ వంటసోడా చల్లి, దానిమీద వెనిగరు పోయుదురు. వెంటనే బుసబుసమని నురుగు పొంగును. పిల్లలు చూచుటకు పరుగెత్తి వత్తురు. అంగడి రసాయనములు చేతికి తగులకుండ, ఇంటిలోని వస్తువులతోనే పని జరిగినదని గృహిణికి తృప్తి కలుగును. ఆ తృప్తి చెడ్డది కాదు. అయితే ఆ నురుగు సింకునకు చేసిన మేలేమి?

దాదాపు ఏమియు లేదు. వంటసోడా క్షారము, వెనిగరు ఆమ్లము. రెండును కలిసినప్పుడు ఒకదానినొకటి చల్లార్చుకొని బొగ్గుపులుసు వాయువుగాను, నీరుగాను, సోడియం ఎసిటేటు అను లవణముగాను మారిపోవును. పొంగినది ఆ వాయువే. అది గాలిలో కలిసిపోయిన పిమ్మట మిగులునది జిడ్డును వదలింపలేని, తెల్లమరకను కరిగింపలేని బలహీనమైన ఉప్పునీరు. తూములో వదులుగానున్న మురికిని ఆ పొంగు కొంత కదల్చవచ్చును, అంతమాత్రమే.

వేరువేరుగా వాడినయెడల ఆ రెండును మంచి పనివారే. తడిసింకుమీద వంటసోడా చల్లి, స్టీలుపై కనబడు సన్నని గీతల వెంబడి మెత్తని గుడ్డతో రుద్దినచో జిడ్డు పోవును; సోడా రేణువులు ఉక్కుకంటె మెత్తనివి గనుక దానిని గాయపరచవు. దానిని కడిగివేసిన తరువాత, బోరునీటివలన ఏర్పడిన తెల్లని మచ్చలపై వెనిగరులోగాని నిమ్మరసములోగాని తడిపిన గుడ్డను కొన్ని నిమిషములుంచిన అవి కరగును. మరల కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దు అలవాటు ఇత్తడికి తగినదే గాని, స్టీలుపై ఉప్పును నిలువనిచ్చినచో సన్నని గుంటలు పడును. ఇనుపపీచు మరియు హానికరము. అది విడిచిన తునకలు తుప్పుపట్టును, నింద మాత్రము సింకుమీద పడును. ఈ ఉక్కులో నూటికి కనీసము 10.5 పాళ్లు క్రోమియము కలదు. గాలి తగిలినప్పుడు అది కంటికి కనబడని యొక పొరయై లోహమును కప్పును. గీత పడినను ఆ పొర తనంతట తానే మరల అల్లుకొనును. కావున శుభ్రపరచువాని పనిలో సగము, దానికి అడ్డుపడకుండుటయే.

నురుగు మాట పాతదే. సామెతల గ్రంథము 25వ అధ్యాయము 20వ వచనములో క్షారముమీద చిరక పోయుట యొక పోలికగా వచ్చినది. హెబ్రీ మూలములోని 'నెతెర్' అను మాట, ఐగుప్తులో సహజముగా దొరకుచుండిన సోడాక్షారమునకు పేరు. (ప్రాచీన గ్రీకు అనువాదము ఇచ్చట పుండుమీది చిరకను గూర్చి చెప్పుచున్నది, అదియు తక్కువ పోలిక కాదు.) ఆ పోలిక ఎవనిని గూర్చినది? దుఃఖచిత్తుని యెదుట పాటలు పాడువానిని గూర్చినది. పాట చెడ్డదని ఆ వచనము చెప్పలేదు. చిరక చెడ్డదనియు చెప్పలేదు.

మేలు చేయగోరువాడు తన మేలు ఫలించినదని దేనినిబట్టి తెలిసికొనును? ఆదరించుటకు వెళ్లినవాని స్వరము వణకును, కన్నులు చెమ్మగిల్లును, హృదయము పొంగును. ఆ పొంగునే అతడు సాక్ష్యముగా తీసికొని ఇంటికి మరలును. అతడు అబద్ధమాడలేదు, తాను చూచినదానినే నమ్మెను. ఉద్దేశము మంచిదే గదా, అది చాలదా అని ఎవరైన అడుగవచ్చును. మంచి ఉద్దేశము చేసినవానిని క్షమింపజేయునేమో గాని, భర్తను పోగొట్టుకొనినదానికి దానివలన కలిగినదేమి? యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండినంతవరకు వారియందు తప్పు కనబడదు. నోరు తెరచిన తరువాతనే చిక్కు వచ్చినది.

మరణము సంభవించిన ఇంటిలో ఆదరణ కూడిక ముగియుసరికి రాత్రి పొద్దుపోవును. ముందుగదిలో కీర్తనలు బిగ్గరగా సాగుచుండగా, వంటింటిలో టీ గ్లాసులు సింకునిండ పేరుకొని యుండును. మరునాడు వేకువనే లేచి ఆ ఇల్లాలు మొట్టమొదట చూడవలసినది ఆ సింకునే. సంఘములో ఒకరిద్దరు స్త్రీలు, ఎవరును పిలువకయే, వెనుకకు వెళ్లి కొంగు దోపుకొందురు. గ్లాసులు కడిగి బోర్లింతురు, సింకును సోడాతో రుద్దుదురు, ఆరగుడ్డతో తుడిచి దీపమార్పి వెళ్లుదురు. వారు అంతసేపును మాటలాడునది, గుడ్డ ఎక్కడున్నదని అడుగుట తప్ప, ఏమియు ఉండదు.

పాటకు సమయము రాకపోదు. కొన్ని నెలలకు ఆ ఇల్లాలే ఒక ఉదయము పాత్రలు తోముచు, తనకు తెలియకయే, సన్నని గొంతుతో ఒక కీర్తన ఎత్తుకొనవచ్చును. అప్పుడు ప్రక్కనున్నవారు రెండవ చరణము అందుకొందురు.