దణ్ణం పెట్టు, అడగడం మానకు

అమ్మాయ్, నువ్వు గురువుగారి దగ్గరికి వెళ్తున్నావని మీ అమ్మ దిగులు పడుతోంది. నాకైతే ముచ్చటగానే ఉంది. ఉద్యోగం చేసుకుంటూ కూడా తెల్లవారుజామునే లేచి ధ్యానానికి కూర్చోవడం అందరివల్లా అయ్యే పని కాదు. కాకపోతే ఈమధ్య ఏం అడిగినా ‘గురువుగారు అలా చెప్పారు మావయ్యా’ అంటున్నావు. అద్దె ఇల్లు మారడానికి కూడా ఆయన్నే అడగాలా?

వివేకానందుడు ఇంకా నరేంద్రుడిగా ఉన్నప్పటి సంగతి విన్నావా? రామకృష్ణులు డబ్బు ముట్టరంటే, నిజమేనా చూద్దామని, ఆయన లేనప్పుడు పరుపు కింద రూపాయి పెట్టాడట. ఆయన వచ్చి కూర్చోగానే బాధతో ఉలిక్కిపడి లేచారు. పక్క దులిపితే రూపాయి కిందపడింది. కుర్రాడు కిమ్మనకుండా చూస్తున్నాడు. తనను పరీక్షించింది వాడేనని తెలిసి ఆయన సంతోషించారే గాని కసురుకోలేదు. రూపాయి మహిమ నమ్ముతావో లేదో నీ ఇష్టం, నాకు నచ్చింది ఆ సంతోషం. కాళికకు మొక్కనని వాడు ఏళ్ల తరబడి మొండికేసినా పొమ్మనలేదు.

రామానుజులైతే గురువు రహస్యమన్న మంత్రాన్నే తిరుక్కోష్టియూరు గుడి గోపురమెక్కి అందరికీ చెప్పేశారంటారు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో, హాలెండులోని ఒమెన్ సభలో, తనను జగద్గురువని కొలిచే సంస్థనే రద్దు చేశారు. వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకే తిప్పి ఇచ్చేశారు. అంత తెగువ అందరు గురువులకూ ఉండదులే.

నువ్వూ ఒకసారి ‘ఇది నాకు సమ్మతం కాదండీ’ అని చూడు. నవ్వి వివరిస్తే సరే. ‘నీకింకా అహం పోలేదు’ అన్నారనుకో, కాస్త ఆగి ఆలోచించు. అడిగేవాళ్ల నోరు మూయించడానికి అంతకన్నా చవకైన మాట లేదు. అసలు గురువుకన్నా ఆయన చుట్టూ తిరిగేవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు.

జీతం నీ ఖాతాలోనే పడనీ. విరాళమిస్తే రసీదు తీసుకో, అప్పు చేసి మాత్రం ఇవ్వకు. మందులు ఆపమంటే ముందు డాక్టర్ని అడుగు. పాత స్నేహితులతో మాట్లాడొద్దన్నారంటే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. ఇదంతా నేను చెప్పాను కదాని గంగిరెద్దులా తలాడించనక్కర్లేదు, నీకు తోచింది నువ్వూ చెప్పు.

వచ్చే నెల శిబిరానికి వెళ్లిరా. తిరుగు టికెట్టు ముందే తీసుకో. అక్కడంతా చప్పిడి భోజనమేనట కదా, మీ అత్తయ్య సీసాలో కందిపొడి పోసి పంపిస్తానంటోంది. తినొచ్చో లేదో మాత్రం ఎవరినీ అడక్కు.