జీర్ణరథోద్ధారణము

నూతనాలయమును నిర్మించుటకంటె శిథిలాలయమును ఉద్ధరించుట మిన్న యని పెద్దలు చెప్పుదురు. ఈ మాటయందలి అంతరార్థ మేమి? క్రొత్తది కట్టువానికి స్వేచ్ఛ కలదు. కొలత తన యిష్టము, రంగు తన యిష్టము, శిలాఫలకముపై పేరు తనది. జీర్ణోద్ధారకునకు ఆ స్వేచ్ఛ లేదు. పూర్వుని సంకల్పమునకు తన సంకల్పమును లోబరచుకొని, "ఇది మొదట ఎట్లుండెను?" అని అడుగుచు, అట్లే నిలుపవలెను. "నాకు ఎట్లుండవలెను?" అను ప్రశ్నకు అచట తావు లేదు. అహంకారము తల వంచవలసిన పని గనుకనే దానికి అంత పుణ్యము చెప్పబడినది.

ఈ ధర్మము దేవాలయములకు మాత్రమే పరిమితమైనది కాదు. గృహస్థు ఇంటనున్న జీర్ణవస్తువునకును ఇది వర్తించును.

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ చేరువనున్న కల్హేర్ మంజీరా పరీవాహక ప్రాంతమునకు చెందిన ఊరు. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ ఈ ప్రాంతమునకు సమీపముననే యున్నది. అట్టి ఊరిలో ఒక గృహస్థు ఇంటి వెనుక, రేకుల కొట్టములో, గోనెపట్టాల క్రింద ఒక పాత అంబాసిడర్ కారు పడియున్న దనుకొందము. తండ్రి నడిపిన కారది. అమ్ముటకు మనసు రాదు. నడుపుటకు వీలు లేదు. "వచ్చే ఏడు చూతము" అనుచు గృహస్థు ఇరువది యేండ్లు గడపినాడు. ప్రతి విజయదశమికిని ట్రాక్టరునకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టుచునే యున్నాడు. కొట్టములోని కారునకు మాత్రము బొట్టుపెట్టిన చేయి లేదు. ఇది ద్వేషము కాదు, ఉపేక్ష. ద్వేషముకంటె ఉపేక్షయే ఎక్కువ వస్తువులను నశింపజేయును, బంధువులనుకూడ.

ఉపేక్షకు రాజు పేద యను భేదము లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా ఇంగ్లండునుండి ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ కారును తెప్పింప సంకల్పించెను. పసుపుపచ్చని వర్ణము, వెనుక భాగమున సింహాసనమువంటి ఎత్తైన ఆసనము దాని ప్రత్యేకత. ఆయన 1911లోనే గతించెను. కారు 1912 నాటిది. తెప్పింప దలచినవాడు అందు కూర్చుండనే లేదు. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ఉత్సవసమయములందు మాత్రమే వాడగా, అది నడచినది కొన్ని వందల మైళ్ళు మాత్రమే. రాజ్యము పోయిన పిదప ఆ రథము చిరకాలము ఉపేక్షలో పడియుండి, తుదకు ఉద్ధరింపబడి, నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున దర్శనీయమై యున్నది. ఐశ్వర్యము దానిని కాపాడలేదు. శ్రద్ధ గలవారి చేయి పడిన నాడే అది మరల వెలుగు చూచెను.

ఇక ఉద్ధారణక్రమ మెట్లు? మొదటి నియమము తొందరపడకుండుట. ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును వెంటనే నడపింపజూచుట అవివేకము. లోపల పిస్టన్లు త్రుప్పుచే సిలిండరు గోడలను పట్టుకొని యుండును. నిలువయున్న పెట్రోలు బంకవలె మారి కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసియుండును. బలముతో త్రిప్పినచో విరుగునే గాని కదలదు. స్పార్కు ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, కొన్ని దినములు అట్లే విడిచి, పిదప చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. ఇరువది యేండ్లు సంధ్యావందనము మానినవాడు ఒక్కనాడే సహస్ర గాయత్రికి కూర్చుండి, మరునాడు విసుగుతో లేచిపోవుట లోకమున చూచుచున్నదే. స్నేహము తగిలి, నాని, సడలవలెను. స్నేహమనగా నూనె యనియు ప్రేమ యనియు సంస్కృతమున రెండర్థములుండుట ఎంత సార్థకము!

రెండవ నియమము విప్పునపుడే కూర్చుటను తలచుట. హనుమకొండలో 1163లో కాకతీయ రుద్రదేవుడు ప్రతిష్ఠించిన వేయిస్తంభాల గుడి యొక్క కల్యాణమండపమును 2006లో విప్పిరి. రాళ్ళకు సంఖ్యలు వేసి భద్రపరచి, మరల పేర్చి, 2024 మహాశివరాత్రినాడు భక్తులకు తెరచిరి. ఆ సంఖ్యలు లేకున్న అది శిలల కుప్ప మాత్రమే. కారు విప్పువాడును ప్రతి బోల్టును, ప్రతి తీగను గుర్తు వేసి డబ్బాలలో నుంచుకొనవలెను. నేడు ప్రతివాని చేతనున్న సెల్‌ఫోను ఇందుకు మిక్కిలి ఉపకరించును. విప్పుటకు ముందొక చిత్రము, విప్పిన పిదప నొక చిత్రము. విప్పుట ఎవరికైనను సులభము. ఉమ్మడి కుటుంబములను విప్పినవారు ఎందరో కలరు. ఏ రాయి ఎచటిదో గుర్తుంచుకొన్నవారే అరుదు.

మూడవది ధూళికిని త్రుప్పునకును గల భేదము నెరుగుట. ధూళి పైనుండి వచ్చి కప్పునది. గుడ్డతో తుడిచిన పోవును. త్రుప్పు అట్టిది కాదు. గాలి, తేమ సోకిన ఇనుమే మారి త్రుప్పగును. త్రుప్పు పెరిగినకొలది ఇనుము తరుగును. దానిని గీకక పైన లప్పము పూసి రంగు వేసినచో పండుగకు కారు మెరయును. రెండు వానకాలములు గడచుసరికి రంగు పొంగి లోపలి పుండు బయటపడును. మంచి ఇనుము కనబడువరకు గీకి, పుచ్చిన రేకును కోసి, క్రొత్త రేకు నతికి, ఎర్ర ప్రైమరు పూసి, ఆపైననే రంగు వేయవలెను. మానవుని దోషములును ఇట్లే రెండు తెగలు. అజ్ఞానమువలన కలిగినది ధూళి. సజ్జనులు ఒక్కమాట చెప్పిన తొలగును. తెలిసి తెలిసి సాగించిన అన్యాయము త్రుప్పు. దానిపై ఎన్ని వ్రతములు పూసినను లోన అది తినుచునే యుండును. తీసికొన్నది తిరిగి ఇచ్చి, నొప్పించినవానిని క్షమాపణ వేడినగాని మంచి ఇనుము కనబడదు.

నాల్గవది మిక్కిలి ముఖ్యము. ఇంజను కదిలినదను సంతోషమున బండిని వీధిలోనికి తీయువా రుందురు. ఏండ్లుగా నిలిచిన బండిలో బ్రేకుల రబ్బరు భాగములు గట్టిపడి చీలియుండును. గొట్టములు త్రుప్పుపట్టి యుండును. గనుక కదలికకు ముందు నిలుపుదల సిద్ధము కావలెను. కఠోపనిషత్తు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వర్ణించినది. ఉత్సాహము గల సాధకులు గుఱ్ఱములను మేపుదురు, పగ్గమును మరతురు. నిలువ నేర్చిన రథమే నడువదగినది.

ఈ పనులన్నియు పుస్తకము చూచి చేయదగినవి కావు. తెలంగాణమున మెకానిక్కును "ఉస్తాద్" అని పిలుతురు. ఆ మాటకు గురువని అర్థము. విడిభాగము కొరకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాదు వెళ్ళి వెదకిన దొరకవచ్చును. కాని చప్పుడు వినినంతనే దోషము చెప్పగల చెవి బజారులో దొరకదు. అంబాసిడర్ తయారీ ఉత్తరపాడా కర్మాగారమున 2014లో నిలిచిపోయినది. దాని మర్మ మెరిగిన ఉస్తాదులు వృద్ధులగుచున్నారు. గృహస్థు అట్టివానిని ఇంటికి పిలిపించి, తన కుమారుని ప్రక్కన నిలిపి, పానా అందింపజేసినచో, ఒక కారుతోపాటు ఒక విద్యయు ఉద్ధరింపబడును. విద్య అంతరించుట ఆలయము కూలుటకంటె చిన్న నష్టము కాదు.

ప్రభుత్వశాసనముకూడ ఈ జీర్ణోద్ధార ధర్మమునే చెప్పుచున్నది. 2021లో కేంద్రము చేసిన నియమముల ప్రకారము, 50 సంవత్సరములు దాటి, ఇంజను, చట్రము, పైరూపము ఎక్కువగా మార్పబడక అసలు రూపమున నున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను ప్రత్యేకముగ నమోదు చేయించుకొనవచ్చును. వాని సంఖ్యలో "వీఏ" అను అక్షరము లుండును. ప్రదర్శన, పరిశోధన, ర్యాలీ, ఇంధనము, మరమ్మతు మొదలగు వానికి తప్ప నిత్యము వీధుల త్రిప్పరాదు, వ్యాపారమునకు వాడరాదు. అసలు రూపమును కోల్పోయినదానికి ఆ గౌరవము లేదు.

ఇచట ఒక శంక కలుగును. పాత ఇనుముపై ఇంత ధనము, కాలము వెచ్చించుట మోహము కాదా? కావచ్చును. అది మోహమో ధర్మమో తేల్చు గురుతు ఒకటి కలదు. ఆ కొట్టము ప్రక్కనే, వేపచెట్టు క్రింద, నులకమంచముపై ఆ కారును నడిపిన వృద్ధుడు కూర్చుండి యుండును. కుమారుడు కారు తలుపునకు నాలుగు పూతలు పూయించి, తండ్రి కంటిపొరకు వైద్యము చేయింపనిచో, ఆ కారు ఎంత మెరసినను అది ఉద్ధారణము కాదు, వినోదము. బ్యాంకు అప్పు తెచ్చి బిడ్డల చదువునకు లోటు చేసినను అంతియే.

అట్లుగాక, కుమారుడు మంచము ప్రక్క కూర్చుండి, "నాయనా, దీని మొదటి రంగు ఏది? ఏ తలుపు ఎత్తి వేయవలెను? చలికాలమున ఎట్లు స్టార్టు చేసెడివారు?" అని అడుగును గాక. వృద్ధుడు చెప్పదొడగును. ఎన్నడు ఎవరిని ఆసుపత్రికి చేర్చెనో, ఏ ఆడబిడ్డను అత్తవారింటికి అంపెనో, ఏ వానకు వాగు ఒడ్డున రాత్రియంతయు నిలిచెనో అన్నియు వచ్చును. ఇరువది యేండ్లుగా అడిగినవారు లేక ఆ మాటలును గోనెపట్టాల క్రిందనే యుండినవి. కారునకు స్నేహము నూనె. తండ్రికి స్నేహము ఆ ప్రశ్న.

తిరుమలలో పండ్రెండేండ్ల కొకమారు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును; 2018 ఆగస్టులో అట్లు జరిగినది. నిత్యము పూజలందు స్వామి సన్నిధికే కాలము నియమించి జీర్ణతను సరిదిద్దుచుండగా, మన ఇండ్లకు, మన మనస్సులకు అట్టి నియమము వలదా? వచ్చు విజయదశమికి ఆయుధపూజ చేయునపుడు నడచుచున్న వాహనమునకు మాత్రమే బొట్టు పెట్టి ఊరకుండక, నిలిచిపోయినదాని దగ్గరకును ఆస్తికులు ఒక్క అడుగు వేయుదురు గాక. అది బండి కావచ్చును, గ్రంథము కావచ్చును, పలుకరింపు మానిన సోదరుడు కావచ్చును. "వచ్చే ఏడు" అను మాటను ఈ యేడే విడుతురు గాక.

స్వస్తి.