స్వామి నన్ను చూచెనా?

తిరుమలలో సర్వదర్శనము ముగించుకొని వెలుపలికి వచ్చిన ఒక వృద్ధురాలు, ప్రాకారములో ఒక ప్రక్కగా నిలిచి కూతురితో అనిన మాట నా చెవిని బడినది. "నేనైతే స్వామిని చూశానే. ఇంతమందిలో ఆయన నన్ను చూశాడంటావా అమ్మా?" కూతురు నవ్వి ఊరకుండెను. ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

దినమునకు 60 వేలకు పైబడిన జనము ఆ సన్నిధి ముందు సాగిపోవుచుండును. ఒక్కొక్కరికి దక్కునది క్షణకాలము. ఆమె అడిగినది స్వామి కన్నులను గూర్చి కాదు. తాను లెక్కలోనికి వచ్చుదునా అని. పరీక్ష తప్పి గది తలుపు మూసికొన్న బాలుడును, ఇంట ఎవరును సలహా అడుగని ముసలి తండ్రియు వేరొక మాటలలో ఇదే అడుగుచున్నారు. లోకము ఇచ్చు సమాధానములు మనకు తెలిసినవే. పదవి, ధనము, పదిమంది మెప్పు. ఇవన్నియు ఒకరు ఇచ్చినవి గనుక ఒకరు తీసికొనదగినవి. ఉద్యోగ విరమణ చేసిన మరునాటి ఉదయము ఎదురుపడిన నమస్కారములను లెక్కించుకొనినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

శ్రీ వేంకటాచల మాహాత్మ్యములోని తొండమానుని వృత్తాంతము పాఠకులకు సుపరిచితమే. ఆకాశరాజునకు తమ్ముడగు తొండమాన్ చక్రవర్తి నిత్యము బంగారు పూలతో శ్రీనివాసుని అర్చించెడివాడు. ఒకనాడు తన పసిడిపూలతోపాటు స్వామి పాదములకడ మట్టిపూలు కానవచ్చెను. అవి ఎవరివని విచారింపగా, భీముడను కుమ్మరి సమర్పించినవని స్వామియే తెలిపెను. సారె విడిచి కొండకు వచ్చుటకు తీరికలేని ఆ కుమ్మరి, కుండలు చేయగా చేతికంటిన మట్టితోనే పూలు చేసి, ఇంటనే అర్చించుచుండెనట. అన్నమాచార్యులు సైతము తన సంకీర్తనలో ఈ కుమ్మరి దాసుని స్మరించినాడు.

దీనిని ధనికుని గర్వభంగముగా చెప్పుట పరిపాటి. అది సత్యమే గాని, నాకు ఆ రాజు గర్వముకంటె ఆతని దిగులే ఎక్కువగా కానవచ్చుచున్నది. ఆకాశరాజు కుమారునితో రాజ్యము కొఱకు పోరు సంభవించినప్పుడు, స్వామి తన శంఖచక్రములనే తొండమానునకు ఇచ్చెనని ఆ మాహాత్మ్యమే చెప్పుచున్నది. ఆయుధములనే చేతికిచ్చిన ఆ ప్రేమను, నాలుగు మట్టిపూలు చూచినంతనే రాజు సందేహించెను. తన పూలకు విలువ తగ్గినదని, దానితో తనకును విలువ తగ్గినదని తలచెను. స్వామి పసిడిపూలను త్రోసివేయలేదు. వాని చెంత మట్టిపూలను గూడ ఉంచుకొనెను, అంతే. ఆ కుమ్మరి మాటయో, రాజు ఏమి సమర్పించుచున్నాడని ఆతడెన్నడును విచారింపలేదు. తన పూలు కొండకు చేరుచున్నవని సైతము ఆతడు ఎరుగడనియే తోచుచున్నది.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. భక్తులందరును తాము అల్పులమని, పాపులమని చెప్పుకొనినవారే గదా, మఱి భగవంతుని ప్రేమవలన ఆత్మగౌరవము కలుగుట యెట్లు? పెద్దలు ఈ విధమైన నివేదనను నైచ్యానుసంధానమందురు. దీనికి మంచి నిదర్శనము తిరుమల గర్భాలయపు గడపయే. దానికి కులశేఖరపడి యని పేరు. రాజై పుట్టిన కులశేఖరాళ్వారు, ఆ సన్నిధిలో మెట్టుగా పడియుండి స్వామి ముఖము చూచుచుండవలెనని కోరినాడు. మెట్టు కావలెనని కోరుట తన్ను తాను తక్కువ చేసికొనుటవలె కనిపించును. కాని ఆ మెట్టు ఎక్కడనున్నదో చూడుడు. స్వామికి ఎదుట, ఎవరును తొలగింపలేని చోట! తాను ఎవరివాడో తెలిసినవాడు మాత్రమే అట్లు కోరగలడు. 'నేను ఎందుకును కొరగాను' అని మూలుగుట నైచ్యము కాదు. ఆత్మను క్రుంగజేసికొనరాదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున చెప్పియేయున్నాడు. విష్ణుపురాణము జీవుని ఇంకను ఎత్తున నిలిపినది. శ్రీహరి వక్షఃస్థలమున ధరించు కౌస్తుభము జీవాత్మయేనట! ఆయన మణిగా ధరించినదానిని మనము గులకరాయి యనుట వినయమెట్లగును?

శ్రీవైష్ణవాచార్యులు భగవద్గుణములలో వాత్సల్యమును విశేషముగా చెప్పుదురు. అప్పుడే పుట్టిన దూడను ఆవు నాకుట అందఱును చూచినదే. ఒంటినంటిన మలినము తొలగిన పిదప దగ్గరకు తీయుదునని ఆవు కాచుకొని కూర్చుండదు. భగవంతుడు దోషమును చూడకుండునా, లేక దోషమును సైతము భోగ్యముగా గ్రహించునా అని ఆచార్యులలో పక్షభేదము కలదు. ఆ చర్చ పండితులకు విడిచెదను. మఱి ఉన్నవానిని ఉన్నట్లే ప్రేమించినచో మనుజుడు బాగుపడుట ఎందులకని అడుగువారున్నారు. వారు పశువులశాలలో కొంతసేపు నిలిచి చూతురుగాక. తల్లి నాకుచుండగానే తడబడుచు ఆ దూడ తన కాళ్ళపై లేచి నిలుచుండును. లేచిన పిదప పొదుగు వెదకుకొనును.

తిరుమలలో వెండిపాత్రలకు, పసిడిపాత్రలకు కొదువలేదు. అయినను కులశేఖరపడి దాటి స్వామి చెంతకు పోవు పెరుగన్నము, ఓడు అనబడు మట్టికుండలోనే పోవును. ఒకనాటి ఓడు మరునాటికి పనికిరాదు; నిత్యము క్రొత్తది కావలెను. కనుక ఎచటనో ఒక కుమ్మరి చేతులు నేటికిని ఆ మట్టిని తడుపుచునే యుండవలెను.

ఆనాడు ఆ వృద్ధురాలికి ఈ మాటలేవియు నేను చెప్పలేదు. చెప్పవలెనని తోచువరకు ఆమె జనములో కలిసిపోయెను. పోవునప్పుడు వెనుదిరిగి ఆనందనిలయ విమానము వైపు ఒకసారి చేయెత్తి మ్రొక్కినది. దూరప్రయాణమునకు బయలుదేరుచు, గడపలో నిలిచిన పుట్టింటివారికి 'వెళ్ళివస్తాను' అని చెప్పునట్లుండెను ఆ మ్రొక్కు.