ఇల్లడ సొమ్ము - తాళపుచెవి ధర్మము

ఒకరి సొమ్మును వేరొకరు చేతబట్టినంతనే ఒక ధర్మము పుట్టుచున్నది. దానిని మన పెద్దలు ఇల్లడ యనిరి, శాస్త్రకారులు నిక్షేపమనిరి. మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములను లెక్కించుచు, అప్పుల వెంటనే రెండవదిగా నిక్షేపమును పేర్కొన్నది.

ఈ ధర్మమే నేడు కారు తాళపుచెవి రూపమున మన ముందు నిలిచినది. 1998 ఆగస్టు 1వ తేది రాత్రి న్యూఢిల్లీలోని తాజ్ మహల్ హోటలుకు ఒక అతిథి మారుతి జెన్ కారులో వచ్చి, దానిని నిలుపుటకై తాళపుచెవిని హోటలు సేవకునకిచ్చి లోనికేగెను. తిరిగి వచ్చుసరికి కారు లేదు. మరియొక కారులో వచ్చిన యువకులు తాళపుచెవిని చేజిక్కించుకొని తోలుకొనిపోయిరి. అతిథికిచ్చిన చీటీపై మాత్రము, కారు యజమాని స్వంత బాధ్యతపైననే నిలుపబడుచున్నదని అచ్చువేసియుండెను. బీమా కంపెనీ అతనికి 2,80,000 రూపాయలు చెల్లించి, అతనితో గూడి వినియోగదారుల కమిషనును ఆశ్రయించెను. వివాదము సుప్రీంకోర్టు వరకు సాగి, 2019 నవంబరు 14న హోటలుదే బాధ్యత యని తేలెను.

ఇట్టి సందర్భమున సొమ్ము పట్టినవాడు చెప్పుకొను మాటలు మూడు: సేవ ఉచితము, చీటీలో ముందే చెప్పితిమి, దొంగ చేసినదానికి మేమేమి చేయుదుము?

మొదటిది నిలువదు. భోజనము వెలలోను, గది అద్దెలోను ఆ సేవ మూల్యము ఇమిడియే యున్నదని న్యాయస్థానము గుర్తించెను. రెండవదియు నిలువదు. తన అజాగ్రత్తను చీటీ చాటున దాచుటకు వీలులేదని తీర్పు. మూడవది మాత్రము ఆలోచింపదగినది. దొంగలెత్తుకొనిపోయినను, నీరు కొట్టుకొనిపోయినను, అగ్ని దహించినను, తాను అందుండి ఏమియు అపహరింపని నిక్షేపధారి ఇచ్చుకొననక్కరలేదని మనువే చెప్పెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 151, 152 సెక్షనులును, సామాన్య వివేకి తన సొమ్మును కాపాడుకొనునంత జాగ్రత్త చూపినవానిని బాధ్యుని చేయవు. అయితే ఆ జాగ్రత్త చూపితినని నిరూపించుకొను భారము పట్టినవానిదే. హోటలు దానిని నిరూపింపలేకపోయెను.

ఇది ధర్మవరమువారికి క్రొత్త సంగతి కాదు. షావుకారు పట్టును, జరీని ఇచ్చును; నేతగాడు చీర నేసి అప్పగించును. అంతవరకు ఆ పట్టు ఇల్లడయే. ఎన్నడు లేని వరద గుంటమగ్గమును ముంచినచో తప్పు అతనిది కాదు. కారుచున్న కప్పు క్రింద పట్టు నుంచి నిద్రించినచో తప్పు అతనిదే. వాన రెండింటను ఒక్కటియే. భేదము మనుష్యుని శ్రద్ధలో నున్నది.

ఇక హిందూపురమునందో, పెనుకొండయందో ఒక కల్యాణమండపము ముందర తాళపుచెవులందుకొను కుఱ్ఱవానిని తలంతము. కారు గోడకు రాచుకొని సొట్టపడినది. యజమాని "మాకు సంబంధము లేదు, వాని నడుగుడు" అనినచో అది న్యాయమా? అతిథి తాళపుచెవిని ఇచ్చినది ఆ కుఱ్ఱవాని ముఖము చూచి కాదు, మండపము పేరు చూచి. పేరువలని లాభము యజమానికి, నష్టము కూలివానికి అనుట కాయకధర్మము కాదు. తగిన స్థలము చూపక, తోలుట వచ్చునో రాదో చూడక నియోగించినవాడే ముందు సమాధానము చెప్పవలెను.

అతిథికిని ధర్మము కలదు. పాత గీతలను క్రొత్తవని చూపి సొమ్మడుగుట దొంగతనమునకు తోబుట్టువు. తానే కారు నిలిపి తాళపుచెవిని తన జేబులో నుంచుకొన్నవాడు, అప్పగించినవానితో సమానముగా అడుగజాలడు.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును కాచినవాడు. కొండెములు పుట్టినపుడు పెట్టెలు తెరిచి లెక్క చూపెనని పురాణకథ. భండారమైనను, పట్టునూలైనను, ఒక చిన్న తాళపుచెవియైనను, చేతబట్టినవాడు లెక్క చెప్పుటకు సిద్ధముగా నుండవలెను. అది ఇష్టము లేనివాడు చేయి చాచకుండుట మేలు.