వేగం ఎవరి ఖాతాలో?

సైకిల్ వేగం పెంచాలంటే ముందు వెళ్ళాల్సింది సైకిల్ షాపుకి. ఫిజిక్స్ పుస్తకం తరవాత. పాల్వంచలో నేను వెళ్ళే షాపు మేస్త్రీ చెప్పే జాబితా చిన్నదే. టైర్లలో గాలి గట్టిగా కొట్టించాలి. చైన్ కడిగి ఆయిల్ వెయ్యాలి. రిమ్ము బెండు తీయించాలి, బ్రేకులు రిమ్ముకి రాసుకోకుండా చూసుకోవాలి. సీటు ఎత్తు సరిచెయ్యాలి: పెడల్ అడుక్కి వచ్చినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగాలి. "ఇవన్నీ చేసినా ఉరకట్లేదంటే తప్పు సైకిల్‌ది కాదు సారూ, మీ కాళ్ళది" అంటాడాయన.

వీటికి పెద్ద ఖర్చు లేదు, వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. నీతి అనే గొడవ మొదలయ్యేది దీని తరవాతి మెట్టు నుంచి.

ఆ మెట్టు బరువు తగ్గించడం. పాత నల్ల సైకిల్ ఒక్కోటి ఇరవై కిలోల దగ్గర ఉంటుంది. రేసు సైకిల్ 6.8 కిలోలకన్నా తేలిగ్గా ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఏకంగా నియమమే పెట్టింది. స్టాండు, మడ్గార్డులు, క్యారియర్ పీకేస్తే మన సైకిలూ తేలికవుతుంది. కానీ దుమ్ముగూడెం, చర్ల వైపు గూడేల నుంచి వారపు సంతకు వచ్చే సైకిల్‌ని చూడండి. వెనక కట్టెల మోపో, బియ్యం మూటో, ఇప్పపువ్వు బస్తానో ఉంటుంది. ఆ సైకిల్‌కి క్యారియరే ప్రాణం. అది పీకేస్తే మిగిలేది వేగంగా పోయే ఖాళీ సైకిల్. సంతకు ఖాళీగా, తొందరగా చేరి ఏం చేస్తాం?

బరువు తగ్గాక ఎదురయ్యేది గాలి. చదునైన రోడ్డు మీద గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటాక మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తట్టుకోవడానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలు. అందుకే రేసర్లు నడుం వంచుతారు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి రైడరు ఇంకో అడుగు ముందుకేసి, వెనక్కి వాలి పడుకుని తొక్కే సైకిల్ మీద గంటలో 45 కిలోమీటర్లు దాటాడు. మరుసటి ఏడు సమాఖ్య అలాంటి సైకిళ్ళను పోటీల నుంచి తప్పించింది. అంటే వేగం కూడా కాళ్ళకీ గాలికీ మధ్య తేలిపోయే వ్యవహారం కాదు. ఏ వేగం లెక్కలోకి వస్తుందో మనుషులు కూర్చుని తేలుస్తారు.

గాలిని తప్పించుకోవడానికి అన్నిటికన్నా చవకైన దారి ఇంకొకడి వెనక నక్కడం. ముందు సైకిల్‌కి బాగా దగ్గరగా తొక్కితే శ్రమలో పావు వంతో, అంతకంటే ఎక్కువో మిగులుతుంది. ఆ మిగులు గాల్లోంచి ఊడిపడలేదు. ముందున్నవాడి ఛాతీ దానికి మూల్యం చెల్లిస్తోంది. అందుకే రేసు గుంపుల్లో వంతులుంటాయి: కాసేపు నువ్వు ముందు, కాసేపు నేను. వంతు రాగానే జారుకుని, చివర్లో మాత్రం దూసుకెళ్ళేవాడిని ఎవరూ గౌరవించరు, వాడు గెలిచినా సరే. రూల్ పుస్తకం వాడిని ఆపదు. తోటివాళ్ళ చూపు ఆపుతుంది. నాకు సైకిల్ రేసుల్లో బాగా నచ్చే సంగతి ఇదే.

ఇక్కడిదాకా లెక్క సుఖంగానే ఉంది. అసలు చిక్కు రోడ్డు దగ్గర. సైకిల్‌లో ఒక్క మర కూడా మార్చకుండా దాని వేగం పెంచేది తారు. మట్టి బాట మీద ఆపసోపాలు పడ్డ సైకిలే తారెక్కగానే జారిపోతున్నట్టు నడుస్తుంది. కానీ కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారిని సైకిల్ కోసం వెయ్యలేదు. దాని మీద ఇసుక లారీలు, బొగ్గు టిప్పర్లు, రాములవారి దర్శనానికొచ్చే కార్లు పోతుంటాయి. వెనక హారన్ మోగగానే మూట సైకిల్ తారు దిగి మట్టిలోకి పోతుంది. చక్రం కూరుకుపోతుంది. మనిషి కాలు కింద పెడతాడు. లారీ పోయాక బరువుని మళ్ళీ సున్నా నుంచి కదిలించి తారెక్కించాలి. సైకిల్ తొక్కడంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ ఆ మొదటి నాలుగు తొక్కుళ్ళలోనే. లారీకి మిగిలిన నిమిషం ఆ మనిషి తొడల్లోంచి వచ్చింది. వంతుల్లేవు. ఆ లారీ డ్రైవరు ఎప్పుడూ ఇతని కోసం మట్టిలోకి దిగడు.

ఇవాన్ ఇలిచ్ 'ఎనర్జీ అండ్ ఈక్విటీ' అనే చిన్న పుస్తకంలో ఇలాంటి లెక్కే కట్టాడు. కారు తోలడానికీ, దాని ఖర్చులు సంపాదించడానికీ సగటు అమెరికన్ ఏడాదికి 1,600 గంటలు పెట్టి 7,500 మైళ్ళు తిరుగుతున్నాడని, అంటే గంటకు ఐదు మైళ్ళు కూడా లేదని తేల్చాడు. ఒక హద్దు దాటిన వేగం కొందరికి కాలాన్ని మిగిల్చేది మిగతావాళ్ళ కాలాన్ని తిని మాత్రమే అన్నది అతని వాదన. అందుకని వేగానికి అందరికీ ఒకటే గరిష్ఠ హద్దు పెట్టమన్నాడు.

నాకు ఇలిచ్ ఇష్టం. కానీ ఈ అడవి అంచున నిలబడి ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేను. నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి వాగు దాటించే గూడేలు ఇంకా ఉన్నాయి. వాళ్ళకి నెమ్మదితనం ఒక జీవన తత్వం కాదు, అంబులెన్సు రాని రాత్రి. భద్రాచలం ఆసుపత్రికి గంట ముందు చేరడం ఎంత విలువైనదో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు వద్దనీ, వేగం చెడ్డదనీ వాళ్ళకి నీతులు చెప్పే హక్కు, గేర్ల సైకిల్ మీద ఆదివారం పొద్దున మాత్రమే అటు వెళ్ళే నాకు అసలే లేదు.

కాబట్టి వేగమా, నిదానమా అన్నది తప్పుడు ప్రశ్న అనిపిస్తుంది. అడగాల్సింది ఇది: ఈ వేగం కోసం మట్టిలోకి దిగుతున్నది ఎవరు? ఎప్పుడూ ఒకళ్ళేనా? అంబులెన్సుకి తప్పుకోవడంలో ఎవరికీ అవమానం లేదు, రేపు అందులో నేనైనా ఉండొచ్చు. అది వంతులున్న లెక్క. ఇసుక లారీకి తప్పుకోవడంలో వంతు లేదు.

మరి నా సంగతి? రేసు గుంపు మర్యాద ఇక్కడ పనికిరాదు. మూట సైకిల్ మనిషికి ముందు నేను తొక్కి గాలి కాస్తానంటే నవ్వుతాడు. గంటకు పది కిలోమీటర్ల దగ్గర అతని శత్రువు గాలి కాదు, బరువూ, ఎత్తూ, మట్టీ. నాకు పనికొచ్చే సాయం అతనికి సాయం కాదు. నా వేగాన్ని అతనితో పంచుకోలేను. తారుని పంచుకోగలను. దిగమన్నట్టు బెల్లు కొట్టకుండా, ఎదురు వాహనాలు పోయేదాకా అతని వెనకే తొక్కితే నాకు పోయేది అర నిమిషం. ఆ అర నిమిషం నా ఖాతాలోనే రాసుకోవాలి.