గాడిదల రథం ఎవరి కలలో

వాల్మీకి రామాయణంలో రెండు కలలు నన్ను వదలవు. మేనమామ ఇంట్లో ఉన్న భరతుడికి తండ్రి కనిపిస్తాడు: జుట్టు విరబోసుకుని కొండ మీంచి పేడగుంటలో పడతాడు, నవ్వుతూ నూనె తాగుతాడు, ఎర్రపూల దండతో గాడిదలు కట్టిన రథమెక్కి దక్షిణానికి వెళ్తాడు. లంకలో త్రిజట కలలో రావణుడిదీ ఇంచుమించు అదే వాలకం. అదే నూనె, అదే ఎరుపు, అవే గాడిదలు, అదే దిక్కు. రెండు చోట్లా చావు సూచనే. కానీ భరతుడికి గొంతు తడారిపోయింది. సీత మీద విరుచుకుపడుతున్న రాక్షస స్త్రీలు మాత్రం ఆమెను శరణు వేడుకోవలసిన స్థితిలో పడ్డారు. గుర్తు ఒక్కటే అయినా, అది ఎవరి గుండెలో పడిందన్న దాన్ని బట్టి ఫలం మారిపోయింది.

మన పంచాంగాల్లోని స్వప్నఫలాల పట్టికలు ఈ సంగతి పట్టించుకోవు. పెళ్లి కనిపిస్తే కీడు, చావు కనిపిస్తే ఆయుష్షు, అంతే. రెండో శతాబ్దపు గ్రీకు స్వప్నశాస్త్రవేత్త ఆర్టెమిడోరస్ మాత్రం, కల కన్నవాడి వృత్తి, వయసు, ఆస్తిపాస్తులు తెలుసుకోకుండా ఫలం చెప్పకూడదన్నాడు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చుతుంది.

చరకుడు కలల్ని ఏడు రకాలుగా విడదీశాడు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి: ఈ ఐదింటికీ ఫలం లేదన్నాడు. జరగబోయేది చెప్పవు కాబట్టి వైద్యుడిగా ఆ మాట సబబే. నాకు మాత్రం ఆ ఐదే ముఖ్యం.

నాన్న పోయాక ఒకనాటి తెల్లవారుజామున ఆయన అన్నం అడిగినట్టు అమ్మకి కలొచ్చింది. పోయినవాళ్లు అలా అడిగితే ఎవరికైనా కడుపు నింపాలంటారు. అమ్మ పొద్దున్నే వంకాయ కూర, చారు చేసి, వీధి చివర ఇస్త్రీ చేసే తాతని పిలిచి విస్తరి వేసింది. ఆయన తింటుంటే పక్కనే నిలబడి మారు వడ్డించింది, నాన్నకి వడ్డించినట్టే, అడక్కుండానే. చరకుడి లెక్కలో అది అనుభవించిన కల, కోరుకున్న కల. ఏ పట్టికలోనూ అమ్మ పేరు ఉండదు. "కూరలో ఉప్పు సరిపోయిందా బాబాయ్?" అని మాత్రం ఆమె రెండుసార్లు అడిగింది.