ఉన్నప్పుడే ఒక మంచి ఫోటో

మన ఇళ్లలో పెద్దవాళ్లకి మొట్టమొదటి పెద్ద ఫోటో చాలావరకు వాళ్లు పోయాకే వస్తుంది. పదోరోజు దగ్గరపడుతుంటుంది. కార్డు వేయించాలి, ఫ్రేమ్ కట్టించాలి. అప్పుడు అందరి ఫోన్లూ బయటికొస్తాయి. వేలకొద్దీ ఫోటోలుంటాయి గానీ ఆ మనిషి ఒక్కరే నిండుగా, నిదానంగా కనిపించేది ఒక్కటీ దొరకదు. చివరికి ఎవరి పెళ్లిలోనో పదిమంది మధ్య నిలబడ్డది, అదీ నాలుగు గ్రూపులు తిరిగి వాట్సాప్‌లో వచ్చింది, స్టూడియోకి పంపుతారు. ఆ ముఖాన్నే కత్తిరించి 12×18 సైజులో చేసివ్వమంటారు.

స్టూడియో అతను మాత్రం ఏం చేస్తాడు? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగువైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. అందులో పదిమంది. ఒక్కో ముఖానికి అడ్డంగా వంద చుక్కలు దక్కితే గొప్ప. వాటిని ఆరంగుళాల ముఖంగా సాగదీస్తే అంగుళానికి 17 కూడా రావు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకి 300 ఉంటే బాగుంటుంది. ఆ ఖాళీని ఇప్పుడు కంప్యూటర్ ఊహించి నింపుతోంది. కనురెప్పలు కొత్తగా మొలుస్తాయి, చర్మం నున్నబడుతుంది, నుదుటి ముడతలూ పెదవి పక్కన చిన్ననాటి గాటూ మాయమవుతాయి. పోలికలు ఉన్నట్టే ఉంటాయి, కానీ ఆ మనిషి కాదు.

చేతిలో అన్నీ ఉండి ఇలా జరగడం నాకు కష్టంగా ఉంటుంది. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 19వ శతాబ్దం చివర్లో తీసిన హైదరాబాద్ చిత్రాల్లో చాలావాటిని కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద అచ్చువేశారు. ఆనాటి ముఖాలు ఇవాళ్టికీ స్పష్టంగా చూడగలుగుతున్నాం. అప్పట్లో ఆ భాగ్యం నవాబులకీ దొరలకీ దక్కింది. ఇప్పుడు మామూలు 12 మెగాపిక్సెల్ ఫోన్ తీసే 4000×3000 చుక్కలు, కుదించకుండా ల్యాబ్‌కి చేరితే, పది బై పదమూడు అంగుళాల ప్రింటుకి హాయిగా సరిపోతాయి. 4×6 ప్రింటుకి పెద్ద ఖర్చేమీ కాదు. లోటల్లా కూర్చుని ఒక ఫోటో ఎంచుకోవడానికి మనం మనసు పెట్టకపోవడమే.

ఆ ఎంపికే నాకు అసలు పని అనిపిస్తుంది. ఫోన్లో ఏదీ వదులుకోనక్కర్లేదు కాబట్టి దేన్నీ నిలబడి చూడం. ప్రింటు వేయించాలంటే, ఒకే నిమిషంలో తీసిన ఏడెనిమిదిటిలో నాన్న నాన్నలా ఉన్నది ఏదో తేల్చుకోవాలి. అందరూ కెమెరాకేసి బిగుసుకుని చూస్తున్నది కాదు. ఎవరో ఏదో అన్నందుకు ఆయన తల పక్కకి తిప్పి నవ్వబోతున్నది. అలా వెతుకుతూ ఒక మనిషి ముఖాన్ని అరగంట చూస్తాం. ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా అంతసేపు చూసి ఉండం.

ఎంచుకున్నాక ఆ ఫోటో తీసిన ఫోన్లోంచే అసలు ఫైలు తెప్పించుకోవాలి. వాట్సాప్‌లోనే అయినా డాక్యుమెంట్‌గా పంపమంటే కుదించుకుపోకుండా వస్తుంది. తర్వాత సైజు. ఫోన్ ఫోటో 4:3 కొలతలో ఉంటుంది, 4×6 కాగితం 3:2. అడ్డం ఫోటోని ఆరంగుళాల వెడల్పుకి పట్టిస్తే ఎత్తు నాలుగున్నర వస్తుంది, కాగితమేమో నాలుగే. ఆ అరంగుళం ఎవరి తల మీదో పాదాల మీదో కోతపడుతుంది. మనం చెప్పకపోతే మిషనే కోసేస్తుంది. 6×8 వేయించుకుంటే ఆ బాధ లేదు, అది ఫోన్ ఫోటో ఆకారమే. 4×6 చాలనుకుంటే అంచులు తెల్లగా వదిలేసి మొత్తం ఫోటో వేయమని అడగొచ్చు.

వెలుతురు సంగతి ఇంకో తీరు. స్క్రీన్‌కి సొంత వెలుగుంది, కాగితానికి మన గదిలో పడే వెలుగే దిక్కు. అందుకే ఫోన్లో మెరిసిన ఫోటో ప్రింటులో మబ్బుగా వస్తుంది. ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూసి, అప్పుడు కూడా కళ్లు, జుట్టు విడివిడిగా తెలుస్తుంటేనే ప్రింటుకి పంపాలి. పెద్దది వేయించేముందు చిన్నదొకటి తీయించి, పగటిపూట కిటికీ దగ్గర పెట్టి చూసుకుంటే ఇంకా మంచిది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలనుంది. చాలాచోట్ల అడక్కపోయినా ముఖాన్ని తెల్లగా చేసేస్తారు. చామనఛాయ మనిషికి చామనఛాయే అందం. ఎండలో పొలం చేసి కమిలిన చేతుల్ని పాలరాయిలా మారిస్తే ఆ చేతులు చేసిన పనంతా తుడిచేసినట్టే. "రంగు మార్చకండి, మచ్చలు తీయకండి" అని కౌంటర్ దగ్గరే చెప్పాలి. చెబితే వింటారు.

తెనాలి పక్క పల్లెలో ఉండే మా పెద్దమ్మకి అలా ఒక ఫోటో తీసుకెళ్లాను. ఫోన్లో ఎన్నిసార్లు చూపించినా వేలు తగిలి ఫోటో జారిపోయేది, ఆవిడ ఫోన్ తిరిగిచ్చేసేది. కాగితం చేతికివ్వగానే ముందు చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది. దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, వసారా మెట్టు మీదికి వెలుతురులోకి వచ్చి కూర్చుంది.

"ఏరా, ఇంత ముసలిదాన్నయిపోయానా?"

"లేదు పెద్దమ్మా, చక్కగా ఉన్నావు."

కాసేపు ఏమీ అనలేదు. బొటనవేలితో ఫోటోలో ఉన్న తన గాజుల్ని రాసి చూసింది. "నేను పోయాక ఇదే పెట్టండ్రా. మీ వదినకి చెప్పు, బీరువాలో చీరల కింద పెడతానని" అంది. ఆ మాటలో దిగులు లేదు. తను ఎలా గుర్తుండాలో తనే తేల్చుకున్న తృప్తి ఉంది. ఆ హక్కు ప్రతి పెద్ద మనిషికీ ఉండాలని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్లలో ఒకరైన వింట్ సెర్ఫ్ కూడా, నిజంగా విలువైన ఫోటోలుంటే కాగితం మీద వేయించుకోమని 2015లో చెప్పాడు. ఈనాటి ఫైళ్లని రేపటి కంప్యూటర్లు తెరవలేకపోవచ్చన్నది ఆయన భయం. నా భయం అంత దూరానిది కాదు. ఫోన్ పోతుంది, పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసి ఉంటుంది, ఆ ఒక్కరూ ఉండరు.

కాగితానికీ శత్రువులు లేకపోలేదు. ల్యాబ్‌లో లేజర్ వెలుగు పడేసి మందునీళ్లలో కడిగే ఫోటో పేపర్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇంట్లో మామూలు ఇంక్‌జెట్‌తో వేసినవి ఎండకి త్వరగా వెలిసిపోతాయి, వాటిలో పిగ్మెంట్ సిరా అయితే కాస్త నయం. ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఫోటోకీ అద్దానికీ మధ్య అట్ట మౌంట్ వేయించాలి, లేకపోతే మన కోస్తా తేమకి ఫోటో అద్దానికే అతుక్కుపోతుంది. ఎదురెండ పడే గోడ వద్దు. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు. లామినేషన్ చేయిస్తే మళ్లీ ఊడదీయలేం, కాబట్టి అదీ వద్దు.

వెనకాల పేర్లు రాయాలి. పాత అట్ట ఫోటోల మీద రాసినంత సులువు కాదు, ఇప్పటి పేపర్ వెనకవైపు ప్లాస్టిక్ పూత ఉంటుంది. బాల్ పెన్ నొక్కి రాస్తే ముందువైపు ముఖం మీద గీత తేలుతుంది. జెల్ పెన్ సిరా ఆరదు, పైన పెట్టిన ఫోటోకి అంటుతుంది. సన్నమొన పర్మనెంట్ మార్కర్‌తో అంచున తేలిగ్గా రాసి, ఆరాకే దొంతరలో పెట్టాలి. పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. పక్కన నిలబడ్డ పక్కింటి పిల్ల పేరు కూడా రాయాలి.